మబ్బు పట్టిన రోజు వడదెబ్బ

మా అనంతపురం జిల్లాలో మబ్బు పడితే జనం ఇళ్లలోంచి బయటికి వచ్చి తలలెత్తి చూస్తారు. వాన వస్తుందా రాదా అన్నది తర్వాతి సంగతి, ముందు చూడడమే ఒక సంబరం. నేను మాత్రం లోపలికి పోతాను. ధర్మవరంలో మా వీధివాళ్లకు ఇదొక తమాషా అయిపోయింది. "ఏమప్పా, మబ్బును చూసి పారిపోయే మనిషిని నిన్నే చూస్తాండాం" అని ఎకసెక్కాలాడతారు. ఆడుకోనీ. వాళ్లకు మబ్బంటే వేరుశనగ పంట. నాకు మబ్బంటే యాడికి ఊరి అన్న.

ఆయన సొంత అన్న కాదు. యాడికి పక్కన ఒక పల్లెలో మెట్ట సేద్యం, ఒక చిన్న గొర్రెల మంద ఉన్న ఇంటి కొడుకు. నేను ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి కొడుకుని. మమ్మల్ని కలిపింది ఫుట్‌బాల్. జిల్లా జట్టులో ఆయన మైదానం నడిమధ్య ఆడేవాడు, నేను వెనక కాపు కాసేవాణ్ణి. నాకంటే పెద్దవాడు కాబట్టి అన్నా అని పిలిచాను, ఆ తర్వాత ఆ పిలుపు నిజమైంది. మనిషి గట్టివాడు, మొండివాడు. మధ్యాహ్నం పూట కంకర నేల మీద, బూట్ల అడుగులు కాలుతుంటే కూడా, నీడకు పోదాం అని ఆయన నోటి నుంచి ఎన్నడూ వినలేదు. కోస్తా నుంచి ఆడడానికి వచ్చిన జట్లు పొద్దెక్కక ముందే చెట్టు నీడ వెతుక్కునేవి. మేం వాళ్లను చూసి నవ్వేవాళ్లం. ఎండను తట్టుకోవడం మా సొంత ఆస్తి అన్నట్టు ఉండేది మా వాలకం.

పడమటి సముద్రపు ఒడ్డున ఉన్న ఒక క్లబ్బు మా ఇద్దరినీ ఒకేసారి తీసుకుంది. జీతం తీసుకుని ఆడడం ఇద్దరికీ అదే మొదలు. ఆ క్లబ్బులో ఒక నియమం ఉండేది. కొత్తగా చేరినవాళ్లు మొదటి రెండు వారాలు సగం సేపే ఆడాలి. ఒళ్లు ఆ గాలికి అలవాటు పడేదాకా పూర్తి ఆట లేదు. మాతోపాటు చేరిన చలి దేశపు ఆటగాళ్లను అలాగే సగంలో కూర్చోబెట్టారు. మేం ఎక్కడివాళ్లమో విన్న కోచ్ పెద్దగా నవ్వాడు. "అనంతపురమా? మీరు నిప్పుల్లో పుట్టినవాళ్లు కదా, మీకెందుకు ఈ రెండు వారాలు?" అన్నాడు హిందీలో. ఈ రోజుకీ ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఆ రోజు మేం ఆ మాటకు ఉబ్బితబ్బిబ్బయ్యాం. అన్న నా వీపు మీద చరిచి, "చూసినావా, మన ఎండకు ఎంత మర్యాద ఉండాదో" అన్నాడు.

ఎండకు మర్యాద ఉంటే ఉండనీ. అక్కడ ఎండే లేదు. వానాకాలం మొదలయ్యే రోజులు. ఆకాశం నెత్తికి తగిలేటంత కిందికి దిగి, బూడిదరంగులో, కదలకుండా ఉండేది. మా ఊళ్లో వేసవిలో ఉండే వేడితో పోలిస్తే అక్కడిది ఒక లెక్కలోది కాదు. అన్న మొదటి రోజు పైకి చూసి, "దీనికా వీళ్లు రెండు వారాలు కూసోబెట్టేది" అని నవ్వాడు. కాసేపు పరుగెత్తామో లేదో, బనీన్లు పిండుకునేటంత తడిసిపోయాయి. మా నేల మీద చెమట పడుతుంది, వెంటనే గాలి దాన్ని ఎత్తుకుపోతుంది, చొక్కా మీద ఉప్పు గీతలు మాత్రం మిగులుతాయి. అక్కడ చెమట పోదు. కారుతుంది, చేరుతుంది, మోచేతుల నుంచి బొట్లు బొట్లుగా రాలుతుంది, అయినా ఒళ్లు చల్లబడదు. ఊపిరి పీలిస్తే గాలి బదులు ఆవిరి లోపలికి పోతున్నట్టుండేది. రాత్రి పడుకున్నా గుండె పరుగెత్తుతూనే ఉండేది. నాకు భయం వేసింది. ఆ మాట పైకి అనలేదు. నిప్పుల్లో పుట్టినవాణ్ణని నవ్వి ఒప్పుకున్నాక, గాలికి భయపడుతున్నానని ఎలా చెప్పేది?

అన్నకు మాత్రం భయం లేదు. దానికి కారణం ఉంది. మా మెట్ట పొలాల్లో, గొర్రెల కాపర్లలో ఒక మాట ఉంది. చెమట పట్టినంతసేపు మనిషికి భయం లేదు, చెమట ఆగిపోతేనే జాగ్రత్త. మా దగ్గర అది నిజం కూడా. శనక్కాయ పీకేటప్పుడు వడదెబ్బ తగిలి పడిపోయిన మనుషుల్ని నేను చూశాను. వాళ్ల ఒళ్లు పొయ్యి మీద పెనంలా పొడిగా ఉంటుంది. అందుకే పెద్దవాళ్లు ముందు చెయ్యి పట్టి తడి ఉందా అని చూస్తారు. అన్న కూడా నా మెడ మీద చెయ్యి పెట్టి చూసేవాడు. "బాగా కారుతాండాది, నీకేం కాదు పో. మా నాయన ఊరికే చెప్పల్యా ఈ మాట" అనేవాడు. నేను నమ్మాను. ఎందుకు నమ్మను? మా జిల్లా మొత్తం నమ్మే మాట అది.

చేరిన వారం లోపలే పక్క ఊరి జట్టుతో ఒక సాధన మ్యాచ్ పెట్టారు. మధ్యాహ్నం దాటింది. వాన రాలేదు, గాలి అసలే లేదు, మబ్బు మాత్రం నిండుగా ఉంది. మొదటి సగంలో అన్న అద్భుతంగా ఆడాడు. ఆ కోచ్ గట్టుమీద నిలబడి చప్పట్లు కొట్టాడు. రెండో సగం సగానికి వచ్చేసరికి అన్న బంతిని అవతలి జట్టువాడికి అందించాడు. ఆయన ఎన్నడూ అట్లా చేసే మనిషి కాదు. మళ్లీ అందించాడు. నేను దగ్గరికి పరుగెత్తి, "ఏమన్నా, బాగుండావా? బయటికి పోదామా?" అన్నాను.

"చెమట కారుతాండాది కదరా. నాకేమైతాది" అన్నాడు.

ముఖం ఎర్రగా లేదు, పాలిపోయి ఉంది. చెమట మాత్రం గడ్డం మీద నుంచి ధారగా కారుతోంది. దాన్ని చూసి నేను నా చోటికి తిరిగి వెళ్లాను. కాసేపటికి అన్న మైదానం మధ్యలో ఆగిపోయాడు. బంతి ఆయన పక్కనుంచే పోయింది. చుట్టూ చూస్తూ, ఊళ్లో ఉన్నట్టు నన్ను పిలిచాడు. "ఒరేయ్, మందను ఎవురు తోలినారు రా? గొర్రెలు ఒక్కటీ కనపడల్యా."

ఆ భాష అర్థం కాని ఆటగాళ్లు ఆయన ఏదో హాస్యమాడుతున్నాడనుకుని నవ్వారు. అర్థమైనవాణ్ణి నేనొక్కణ్ణే. నేను చేరేలోపలే ఆయన మోకాళ్ల మీద కూలబడి, ముందుకు వాలిపోయాడు. పట్టుకుంటే ఒళ్లు కాలిపోతోంది. అంత నిప్పులోనూ చెమట కారుతూనే ఉంది. నీళ్లు పోశారు, మంచు తెచ్చారు, ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టర్లు చేయగలిగింది చేశారు. మర్నాటికి మా అన్న లేడు. వడదెబ్బ అన్నారు. లోపల పుట్టిన వేడి బయటికి పోలేదని నాకు విడమరిచి చెప్పారు.

హాస్టల్లో ఆయన సామాను నేనే సర్దాను. ముందు రోజు ఉతికి వరండాలో ఆరేసిన బనీను ఇంకా తడిగానే ఉంది. దాన్ని అలాగే మడిచి సంచిలో పెట్టాను. శవం వెంట యాడికి వచ్చాక, వాళ్ల అమ్మ ఆ సంచి విప్పి, ముక్కిపోయిన ఆ బనీనును దులిపి తీగ మీద వేసింది. నేను మంచినీళ్లు తాగి వచ్చేలోపల అది కరకరలాడేలా ఆరిపోయింది. ఆమె దాన్ని ముఖానికి అద్దుకుని ఏడ్చింది. వాళ్ల నాయన మాత్రం ఏడవలేదు. ఆయన అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లు అనుకునే మాటలు వింటున్నాడు.

ఆ మాటలు ఇప్పటికీ నన్ను వదల్లేదు. "మబ్బు పట్టిన పొద్దు వడదెబ్బ ఏందప్పా?" అన్నాడొకడు. "ఎండలో పుట్టి ఎండలో పెరిగినోడు, నీడలో సచ్చినాడంట" అన్నాడు ఇంకొకడు. ఇంకా గొంతు తగ్గించి, తాగి ఉంటాడన్నారు, ఏవో మాత్రలు మింగి ఉంటాడన్నారు. చావింట్లో కూర్చుని చచ్చినవాడి మీద కథలు అల్లే నోళ్లకు కొదవేముంది? నేను లేచి ఒకడి మీద కలబడబోయాను. ఎవరో పట్టుకుని బయటికి లాక్కుపోయారు. నా దగ్గర ఉన్నది ఆవేశమే. మబ్బు కింద మనిషి ఎండదెబ్బతో ఎలా చనిపోతాడో ఆ నేల మీద నిలబడి చెప్పడానికి నాకు మాటలు రాలేదు.

నేను తిరిగి క్లబ్బుకు పోయాను. పోకుండా ఉండాల్సిందేమో, పోయాను. ఈసారి నియమాన్ని ఎవరికీ సడలించలేదు, నన్ను సగం ఆటకే పరిమితం చేశారు. రెండు వారాలయ్యేసరికి నా ఒళ్లు నేర్చుకుంది. గుండె నెమ్మదించింది. పెదవుల మీదికి కారే చెమటలో ఉప్పు తగ్గింది. ఊపిరి అందసాగింది. ఇంతేనా, కేవలం ఇంతేనా అనిపించింది. హాస్టల్లో నా పక్కనున్న అన్న మంచాన్ని ఎవరికీ ఇవ్వలేదు. వాన పడుతున్న రాత్రుల్లో ఆ మంచం వైపు నుంచి, గొర్రెలు కనపడల్యా అనే మాట వినపడేది. లేచి కూర్చునేవాణ్ణి. నా ఒళ్లు నేర్చుకున్నందుకు నా ఒళ్లంటేనే నాకు అసహ్యం పుట్టింది.

ఆటల కాలం ముగిసి నేను ధర్మవరం వచ్చాక, వేసవిలో ఒక రోజు యాడికి పెద్దనాయన మా ఇంటికి వచ్చాడు. అన్న వాళ్ల నాయనను నేను అలాగే పిలిచేవాణ్ణి. అప్పటికి మనిషి సగమయ్యాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని, ఒకే మాట అడిగాడు.

"నా కొడుకు తాగి సచ్చినాడా, ఎండకు సచ్చినాడా? నువ్వు పక్కనే ఉంటివి. నువ్వు ఏం చెప్పినా నమ్ముతా. ఊరు రోజూ నన్ను పొడుస్తాండాది."

"ఎండకూ కాదు, తాగీ కాదు పెద్దనాయనా. ఆడ గాలిలో నీళ్లు ఉంటాయి. చెమట ఆరదు. ఒళ్లు సల్లబడదు" అన్నాను.

"చెమట ఆరకపోతే మంచిదే కదప్పా. తడిగా ఉంటే సల్లగా ఉండాల. దానికి మనిషి సస్తాడా?"

ఆయన నన్ను అబద్ధాలకోరుగా చూడలేదు. అదే నాకు కష్టమనిపించింది. నమ్ముతానని వచ్చి, నమ్మలేక నిలబడ్డాడు. ఈ ప్రశ్నతోనే ఆయన ఇంటికి పోతే, తాగుబోతు కొడుకును కన్నవాడిగానే చచ్చిపోతాడు. చెప్పితే నమ్మలేనిదాన్ని ఒళ్లే నమ్మాలి అనుకున్నాను. అప్పుడు నాకు మా మగ్గం షెడ్డు కనిపించింది.

మా ఊరివాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, తక్కినవాళ్లకు చెప్పాలి. పట్టు పోగు పొడి గాలిని ఓర్చుకోదు. వేసవిలో అది పుటుక్కున తెగుతుంది. అందుకని మగ్గం గుంత చుట్టూ నేలను తడుపుతాం, కిటికీలకు తడి గోనెపట్టలు కడతాం, తలుపు దగ్గరగా వేస్తాం, ఫ్యాను పెట్టం. నేత పని పొద్దున్నే మొదలుపెట్టి, పైకప్పు రేకులు కాగేసరికి ఆపేస్తాం. రేకుల కింద, తడి నేల మీద, మధ్యాహ్నం పూట తలుపు వేసుకుని ఎవరూ కూర్చోరు. మా కరువు జిల్లాలో ఆ పడమటి ఊరి గాలి దొరికే చోటు ఏదైనా ఉంటే అది మా షెడ్డే.

మా నాయన ఆ పూటకు పని ఆపే ముందు గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని తెగిన పోగు ముడివేస్తున్నాడు. సంగతి చెబితే తల ఊపాడు. "ముసలాయన. సూసుకో" అన్నాడంతే. నేను గోనెలను మళ్లీ తడిపి, నేల మీద కడవలతో నీళ్లు కుమ్మరించి, ఆడి గాలి ఎట్లుంటాదో చూడమని పెద్దనాయనను లోపలికి పిలిచి తలుపు గట్టిగా మూశాను. పైన రేకులు కాగుతున్నాయి. పెద్దనాయన నేల మీద చతికిలబడ్డాడు.

మొదట ఆయనకు హాయిగా ఉంది. "సల్లగానే ఉండాదే" అన్నాడు. కాసేపటికి నుదుటి మీద చెమట పట్టింది. తుడుచుకున్నాడు. మళ్లీ పట్టింది. ఊరికే కూర్చుంటే ఏం తెలుస్తుందని లేచి, మగ్గం పక్కన ఆ గోడ నుంచి ఈ గోడకు నడవడం మొదలుపెట్టాడు. చొక్కా వీపుకు అంటుకుంది. తలగుడ్డతో మెడ తుడుచుకుంటే అదీ తడిసింది. నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాడు. నడక నెమ్మదించింది. చేతిని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నాడు. వేళ్ల కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"లోపల కాగుతాండాది" అన్నాడు, ఆశ్చర్యంగా. "ఇంత చెమట పోసినా లోపల కాగుతాండాది."

"అన్నకు ఇట్లే అయింది పెద్దనాయనా. ఇంకా గట్టిగా పరుగెత్తుతూ ఉండినాడు."

ఆయన గోడకు ఆనుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. "తాగలేదు నా కొడుకు" అన్నాడు. మా నాయన చేతిలోని పోగు వదిలేశాడు. నా గుండెలో బరువు దిగిందనుకున్నాను. అక్కడితో తలుపు తీసి ఉంటే బాగుండేది. తీసేలోపలే ఆయన అడిగాడు.

"మరి బయటికి ఎందుకు రాలేదు? వానికి తెలియలేదా? నువ్వు అడగలేదా?"

"అడిగినా."

"ఏమన్నాడు?"

నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆటలో పడి వినలేదనొచ్చు. అన్న ఆ చెమట మాటను ఎవరి దగ్గర నేర్చుకున్నాడో నాకు తెలుసు. కానీ ఈ మనిషి నేను ఏం చెప్పినా నమ్ముతానని వచ్చాడు. అలాంటి మనిషికి అబద్ధం ఇవ్వడం నా వల్ల కాలేదు.

"చెమట కారుతాండాది కదా, నాకేమైతాది అన్నాడు."

పెద్దనాయన ముఖం కదలలేదు. "ఆ మాట నాది" అన్నాడు. "పసిబిడ్డప్పుడు మంద ఎంట పోతూ నేర్పించినా." మళ్లీ నేల మీద కూర్చున్నాడు.

"ఇంక సాలు పెద్దనాయనా, లే, బయటికి పోదాం."

"వాడు ఎంతసేపు ఆడినాడు?"

"గంట పైన."

"అయితే నేను గూడా అంతసేపు ఉంటా. నువ్వు పో."

ఆయన ఆ మాట కోపంతో అనలేదు, బస్సు వచ్చేదాకా ఇక్కడే ఉంటానన్నట్టు మామూలుగా అన్నాడు. ముఖం పాలిపోతోంది. నేను బతిమాలాను. మా నాయన గుంతలోంచి లేచి వచ్చి, "అన్నా, నా మాట విను" అన్నాడు. ఆయన వినలేదు. గడ్డం మీద నుంచి చెమట ధారగా కారుతోంది. ఆ ధారను నేను ఇంతకుముందు ఒకసారి చూసి, నా చోటికి తిరిగి వెళ్లినవాణ్ణి. నాలో ఏదో తెగిపోయింది. పెద్దాయన అని చూడలేదు. "లేయ్! లేస్తావా లేదా!" అని అరిచి, చంకల కింద చేతులు వేసి ఎత్తాను. ఆయన మగ్గం గుంజను పట్టుకున్నాడు. నేను వేళ్లు ఊడదీశాను. ఆయన నన్ను తన్నాడు, తిట్టాడు, నేనూ తిట్టాను. తలుపును కాలితో తన్ని, ఆయన్ను బయట వేపచెట్టు నీడలోకి ఈడ్చుకొచ్చి పడుకోబెట్టాను. మా నాయన చెంబుతో నీళ్లు తెచ్చి తల మీద పోశాడు, కొన్ని తాగించాడు.

బయట మన గాలి వీస్తోంది. పొడి గాలి, మండే గాలి, రాళ్ల మీద నుంచి వచ్చే గాలి. పెద్దనాయన ఊపిరి కుదుటపడింది. లేచి కూర్చుని తన కుడి చేతిని చూసుకుంటున్నాడు. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా మెరుస్తున్న తడి, మేం చూస్తుండగానే, అంచుల నుంచి ముడుచుకుంటూ పోయింది. చెయ్యి పొడిబారింది. సన్నటి ఉప్పు మాత్రం మిగిలింది. ఆయన రెండో చేత్తో దాన్ని తడిమి చూసుకున్నాడు.

"ఈ గాలి కొంచెం ఆడికి పోయింటే సాలు కదప్పా" అన్నాడు.

కొడుకు పోయాక ఆయన ఏడవడం ఎవరూ చూడలేదు. ఆ మధ్యాహ్నం మా వేపచెట్టు కింద, ఆ చెయ్యిని ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. చెంపల మీదికి కారిన నీళ్లను కూడా గాలి వెంటనే ఆరబెట్టేస్తోంది, ఆయన మళ్లీ ఏడుస్తున్నాడు.